సారె మీద మట్టి ముద్ద

కుండ చెయ్యడం అనగానే మనలో చాలామందికి ఒక రీల్ గుర్తొస్తుంది. గిర్రున తిరిగే చక్రం, తడి చేతులు, వెనకాల మెల్లగా ఒక పాట, ముప్పై సెకన్లలో మట్టి ముద్ద కాస్తా పూలకూజా. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ చక్రం మీద జరిగేది మొత్తం పనిలో పది పదిహేను నిమిషాలే. దానికి ముందు నాలుగైదు రోజులు, తర్వాత వారం పది రోజులు పని ఉంటుంది. ఆ రోజుల మీద ఎవరూ రీల్ తియ్యరు. అందుకే నేను వాటి గురించి రాద్దామనుకున్నాను.

నేను మెకానికల్ మూడో సంవత్సరం. మొన్న వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం పదిహేడు చోట్లకి మెయిల్ పెడితే ఒక్కచోట నుంచే జవాబొచ్చింది, అదీ ఆటోమేటిక్ రిప్లై. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే అమ్మ బీరువా సర్దమంటుందని, మా ఊరి చివర కుండలు చేసే తాత దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. ఐదు వారాలు వెళ్లాను. తన పేరు వెయ్యొద్దన్నాడు కాబట్టి తాత అనే రాస్తాను.

మొదట మట్టి సంగతి. ఎండాకాలంలో చెరువు ఎండిపోయాక అడుగున ఉండే ఒండ్రుమట్టి తవ్వి తెచ్చుకుంటారు. పై పొర పనికిరాదు, అందులో వేళ్లూ ఆకులూ ఉంటాయి. ఎండబెట్టి, చితక్కొట్టి, నీళ్లలో నానేసి, వడకట్టి, తేరనిచ్చి, ఆ తర్వాత కాళ్లతో తొక్కుతారు. మొదటి వారం నా పని ఇదే, తొక్కడం. జిమ్‌లో లెగ్ డే అని పోజు కొట్టేవాళ్లు ఒక్క గంట వచ్చి తొక్కి చూడాలి.

కొత్త మట్టి వచ్చినప్పుడు తాత దాన్ని రెండు రకాలుగా పరీక్షిస్తాడు. చిటికెడు నోట్లో వేసుకుని ముందు పళ్ల మధ్య నలుపుతాడు. గరగరలాడితే ఇసుక, సిల్ట్ ఎక్కువ. వెన్నలా జారితే బంకమట్టి. (జియాలజిస్టులు కూడా ఫీల్డ్‌లో ఇలాగే చూస్తారట, మన ల్యాబ్‌లో మాత్రం దయచేసి ప్రయత్నించకండి.) రెండోది, మట్టిని అరచేతుల మధ్య సన్నటి తాడులా పేని వేలికి చుడతాడు. పగలకుండా చుట్టుకుంటే మంచి మట్టి. సివిల్ వాళ్లకి ఇప్పటికే వెలిగి ఉండాలి. సాయిల్ మెకానిక్స్ ల్యాబ్‌లో మీరు అద్దం పలక మీద మట్టిని 3 మిల్లీమీటర్ల తాడులా పేని, ఎప్పుడు విరుగుతుందో చూసి ప్లాస్టిక్ లిమిట్ రాస్తారు కదా, దాదాపు అదే పరీక్ష. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ ఈ లిమిట్స్‌ని 1911లో లెక్కలోకి తెచ్చాడు. తాత వాళ్ల తాతకి అటర్‌బర్గ్ ఎవరో తెలిసే అవకాశం లేదు.

ఇంతకీ మట్టి ఎందుకలా సాగుతుంది? ఇసుకని తడిపి పిసికితే కుండ అవ్వదు కదా. బంకమట్టి రేణువులు చాలా చిన్నవి, 2 మైక్రాన్ల కంటే తక్కువ. పైగా గుండ్రంగా ఉండవు, పలకల్లా ఉంటాయి. పలకకీ పలకకీ మధ్య పల్చటి నీటి పొర చేరుతుంది. రెండు గాజు పలకల మధ్య నీటిచుక్క వేసి చూడండి. ఒకదాని మీద ఒకటి సులువుగా జారతాయి, ఊడలాగబోతే మాత్రం రావు. మట్టిలో ఇలాంటి జతలు కోట్లు ఉంటాయి. తోస్తే జరుగుతుంది, వదిలేస్తే అక్కడే నిలబడుతుంది. మనం పెట్టిన ఆకారం గుర్తుంచుకునే గుణం ఆ నీటి పొర పుణ్యమే.

తొక్కేటప్పుడు కాలికి తగిలే ప్రతి గులకనీ ఏరి పారేయాలి. అన్నిటికంటే భయం సున్నపురాయి పలుకులంటే. మామూలు రాయి ఉంటే అక్కడే పగులుతుంది, తెలిసిపోతుంది. సున్నపు పలుకు అలా కాదు. కాల్పులో అది పొడి సున్నంగా మారి నోరు మూసుకుని కూర్చుంటుంది. కుండ బాగా కాలిందని సంబరపడతాం. వారం తర్వాత గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బి, బొట్టుబిళ్లంత పెచ్చు టప్పున ఊడగొడుతుంది. అప్పటికి ఆ కుండ ఎవరింట్లోనో ఉంటుంది, తిట్లు తాతకి వస్తాయి.

ఇప్పుడు సారె దగ్గరికి వద్దాం. కుమ్మరి చక్రాన్ని సారె అంటారు. తాత దగ్గర రెండున్నాయి. ఒకటి కరెంటుది, ఖాదీ గ్రామోద్యోగ్ వాళ్లు ఇలాంటివి 2018 నుంచి కుమ్మరులకి ఇస్తున్నారు. రెండోది పాతది, బరువైనది, కర్రతో తిప్పేది. ఒక గుంటలో కర్ర పెట్టి గిర్రున తిప్పి వదిలేస్తే చాలాసేపు దానంతటది తిరుగుతుంది. మన థియరీ ఆఫ్ మెషిన్స్‌లో చదివే ఫ్లైవీల్ అచ్చంగా ఇదే. బరువంతా అంచు వైపు ఉంటుంది కాబట్టి మొమెంట్ ఆఫ్ ఇనర్షియా ఎక్కువ. ఒకసారి పోసిన శక్తిని నెమ్మదిగా ఖర్చు పెడుతుంది.

ఈ పాత సారెలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. కుండ మొదలుపెట్టినప్పుడు, ముద్దని మధ్యకి తెచ్చేటప్పుడు, వేగం ఎక్కువ కావాలి. గోడలు పైకి లేచేకొద్దీ వేగం తగ్గాలి, లేకపోతే పల్చబడ్డ అంచు బయటికి విసురుకుపోయి గోడ కూలుతుంది. కరెంటు సారెలో దీనికి వేగం తగ్గించే ఏర్పాటుంది. పాత సారె ఆ పని తనంతట తనే చేస్తుంది. మొదట్లో వేగం, పని సాగేకొద్దీ నెమ్మది, మూతి దిద్దే వేళకి ఇంకా నెమ్మది. డిజైన్ కోర్సులో మనకి ఘర్షణని శత్రువులా పరిచయం చేశారు. ఇక్కడది స్పీడ్ కంట్రోలర్.

ముద్దని సరిగ్గా మధ్యకి తేవడమే అన్నిటికంటే కష్టం. సారె మీద ముద్దని చప్పున కొట్టి అతికిస్తాం. అది ఎప్పుడూ కొద్దిగా పక్కకే ఉంటుంది. తిరుగుతుంటే ప్రతి చుట్టుకీ ఒకసారి చేతిని తోస్తుంది. ఎవరికైనా చెయ్యి దానితోపాటు ఊగుతుంది. చెయ్యి ఊగితే ముద్ద ఎప్పటికీ మధ్యకి రాదు. అందుకే మోచేతుల్ని మోకాళ్లకి ఆనించి, ఒంటిని ఒక స్టాండులా బిగించి, చెయ్యి కదలకుండా ఉంచాలి. కదలని చేతికి తిరిగే మట్టి లొంగుతుంది. లేత్ మీద టూల్ పోస్ట్ చేసే పని ఇదే. కాకపోతే ఇక్కడ టూల్ పోస్ట్‌కి ఆకలి వేస్తుంది, నడుం నొప్పి పుడుతుంది, ఫోన్ మోగుతుంది.

మట్టి మధ్యకి వచ్చిన క్షణం మాత్రం చెప్పి తీరాలి. అప్పటిదాకా చేతుల కింద కొట్టుకుంటున్న ముద్ద ఒక్కసారిగా శాంతిస్తుంది. కళ్లు మూసుకుంటే సారె ఆగిపోయిందేమో అనిపిస్తుంది. కళ్లు తెరిస్తే గిర్రున తిరుగుతూనే ఉంటుంది. నాకది రెండో వారం చివర్లో ఒక సాయంత్రం దొరికింది. కుండ చెయ్యలేదు, ఏమీ చెయ్యలేదు, ఊరికే అలా చేతులు పెట్టుకుని కూర్చున్నాను. తాత చూసి, "వచ్చిందా? ఇక లోపలికి బొటనవేలు దించు, ముద్ద ఆరిపోద్ది" అన్నాడు. కోడ్ మొదటిసారి ఎర్రర్ లేకుండా రన్ అయినప్పటి ఆనందం మనందరికీ తెలుసు. ఇది ఆ కోవలోదే, కాకపోతే ముందు ఒళ్లు తెలుసుకుంటుంది, బుర్రకి తర్వాత తెలుస్తుంది.

సారె మీంచి దించిన కుండకి గుండ్రటి అడుగు ఉండదని నాకు తెలీదు. మెడ, మూతి తయారై ఉంటాయి, పొట్ట మందంగా, పొట్టిగా ఉంటుంది. ఒకరోజు నీడలో ఆరి, తోలులా గట్టిపడ్డాక, లోపల ఒక నున్నటి గుండ్రాయి ఆనించి, బయట చెక్క పలకతో తడుతూ గోడని పల్చగా సాగదీస్తారు. టక్ టక్ టక్ మని గంటల తరబడి. అలా సాగి సాగి అడుగు మూసుకుని కుండ గుండ్రంగా అవుతుంది. తాత ఇంట్లో ఈ పని సగం మామ్మది. మట్టి వడకట్టడం, ఎర్రమట్టి పూత పూయడం, బజారులో అమ్మడం కూడా మామ్మే. సారె మీద మాత్రం కూర్చోదు. ఆడవాళ్లు సారె తిప్పకూడదన్న కట్టు చాలాచోట్ల ఉంది, అక్కడా ఉంది. నాకది ఏమాత్రం నచ్చలేదు. మామ్మని అడిగితే, "దాని మీద కూర్చుంటే వంటెవరు చేస్తారు, మీ తాతా?" అంది. సారె మీద వచ్చేది ఫొటో, పలక దెబ్బల్లో వచ్చేది కుండ. ఫొటో ఎవరికి దక్కుతుందో చూశారుగా.

గుండ్రటి అడుగు అందం కోసం కాదు. మూలలున్న గిన్నెని మంట మీద పెడితే, వ్యాకోచం అన్ని వైపులా సమానంగా ఉండదు, మూల దగ్గర స్ట్రెస్ పోగుపడి అక్కడే పగులుతుంది. గుండ్రటి దానికి మూలే లేదు. మూడు రాళ్ల పొయ్యి మీద కుదురుగా కూర్చుంటుంది కూడా. వంట కుండల మట్టిలో ఇసుక ఎక్కువ కలపడం కూడా ఇందుకే. నేనైతే గట్టి కుండ, నున్నటి కుండ మంటకి బాగా తట్టుకుంటుందనుకునేవాణ్ణి. తిరకాసు అక్కడే ఉంది. దట్టంగా గట్టిగా ఉన్న పింగాణీలో ఒక పగులు మొదలైతే ఆపేవాడు లేడు, ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెడుతుంది. ఇసుక పలుకులూ సూదిమొన రంధ్రాలూ ఉన్న మట్టికుండలో పగులు నాలుగడుగులు వేసేసరికి ఒక పలుకుకో రంధ్రానికో తగిలి ఆగిపోతుంది. లోపల వెయ్యి చిన్న పగుళ్లతో ఆ కుండ ఏళ్లపాటు చారు కాస్తుంది.

ఆరబెట్టడం గురించి రెండు ముక్కలు. నీళ్లు పోయేకొద్దీ పలకలు దగ్గరికి జరుగుతాయి, కుండ చిన్నదవుతుంది. మట్టిని బట్టి నూటికి 5 నుంచి 10 వంతుల దాకా కుంచించుకుపోతుంది. ఒకవైపు గాలి తగిలి ముందు ఆరితే ఆ వైపు ముందు కుంచించుకుంటుంది, రెండో వైపు ఇంకా మెత్తగానే ఉంటుంది, మధ్యలో నెర్రె. అందుకే నీడలో, గాలి తగలకుండా, మధ్యమధ్యలో తిప్పుతూ ఆరబెట్టాలి. తొందరపడితే ఇంతే సంగతులు.

ఇక ఆవం. కుండలు పేర్చి కాల్చే బట్టీని ఆవం అంటారు. కింద కట్టెలు, పిడకలు, మధ్యలో కుండలు, సందుల్లో ఊక, కొబ్బరి మట్టలు, పైన గడ్డి కప్పి బురద మెత్తుతారు. థర్మామీటర్ లేదు, టైమర్ లేదు. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తాత పక్కన కూర్చున్న ఆ రాత్రి ఎందుకంత బిక్కుబిక్కుమని గడిచిందో అర్థమవుతుంది.

మొదటి గంటలన్నీ పొగే. మంట పెంచకూడదు. ఆరిందనుకున్న కుండలో ఇంకా తేమ ఉంటుంది. 100 డిగ్రీలు గబుక్కున దాటిస్తే ఆ తేమ ఆవిరై, బయటికి దారి లేక కుండని పేల్చేస్తుంది. గాలి బుడగ ఉంటే కుండ పేలుతుందని అంటుంటారు, నిజానికి అసలు దొంగ తడి. తర్వాత సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య అసలు మార్పు వస్తుంది. మట్టి స్ఫటికంలోనే కట్టుబడి ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు నీరుగా విడిపోయి వెళ్లిపోతాయి. దీని తర్వాత ఆ మట్టి ఇక మట్టి కాదు. ఎన్నేళ్లు నానేసినా బురద అవ్వదు. మధ్యలో 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ స్ఫటికం రూపం మార్చుకుని కాస్త ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్లీ అక్కడే ముడుచుకుంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అది గండమే. తాతకి 573 తెలీదు. "కుండ సందులోంచి చూస్తే ముదురు ఎరుపు కనబడిన దగ్గర్నుంచి తొందరపడకు" అన్నది తెలుసు. ఇనుము మసకగా ఎర్రబడటం మొదలయ్యేది దాదాపు ఆ ఉష్ణోగ్రతల్లోనే అని మన వర్క్‌షాప్‌లో బ్లాక్‌స్మితీ చేసినవాళ్లకి గుర్తుండాలి.

రంగు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రటి ఆక్సైడ్ అవుతుంది, కుండ ఎర్రగా వస్తుంది. గాలి మూసేసి పొగలో మగ్గబెడితే నల్లగా వస్తుంది. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల్లో బయటపడ్డ మెగాలితిక్ సమాధుల్లో బయట ఎరుపు, లోపలా మూతి దగ్గరా నలుపు ఉన్న పాత్రలు దొరికాయి. బోర్లించి కాలిస్తే లోపల గాలి ఆడక నలుపు, బయట గాలికి ఎరుపు వస్తాయని పురావస్తు శాస్త్రంలో చెప్తారు. ఒకే కాల్పులో రెండు రంగులు!

నేనున్న ఐదు వారాల్లో ఒక్కటే ఆవం పెట్టారు. మూడు వందల పైచిలుకు కుండలు, ఆయనకది దాదాపు నెలన్నర పని. నిప్పు పెట్టిన నాలుగు గంటలకి తూర్పున మబ్బు పట్టింది. మే నెలలో ఎవరనుకుంటారు! "కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు" అని సామెత ఉంది, అంటే కుమ్మరి ఏడాది చేసింది గుదికర్రతో ఒక్క దెబ్బకి పోతుందని. ఆ రాత్రి గుదియ ఆకాశంలో ఉంది. ఎర్రగా కాలుతున్న ఆవం మీద చల్లటి వాన పడితే ఏమవుతుందో థర్మల్ షాక్ చదివిన ఎవరైనా చెప్తారు. తాత కొడుకు (ఎలక్ట్రీషియన్, ఈ పని మానేసి పదేళ్లయింది) బండి మీద పరిగెత్తుకొచ్చాడు. నలుగురం కలిసి నాలుగు వెదురు గుంజలు పాతి, ఆవానికి ఎత్తులో రేకులు కట్టాం. ఆనించి కప్పితే గాలి ఆగిపోయి కుండలు పచ్చిగా మిగులుతాయి కాబట్టి ఎత్తులోనే కట్టాలని తాత అరుస్తున్నాడు. వాన అరగంట కొట్టింది. వాలుగా కొట్టిన జల్లుకి పడమటి పక్క తడిసింది.

చల్లారేదాకా తియ్యకూడదు. అంటే మర్నాడంతా లోపల ఏముందో తెలీకుండా కూర్చోవాలి. ఆ రోజు తాత మామూలుగానే భోంచేశాడు, నిద్రపోయాడు. నాకే ముద్ద దిగలేదు. తీసి చూస్తే పడమటి పక్కవి నలభై దాకా పోయాయి. మిగతావి ఒక్కొక్కటీ తీసి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఖంగుమంటే మంచిది. డొప్పుమంటే కంటికి కనబడని పగులు ఉన్నట్టే, కంపనం అక్కడ ఆరిపోతుంది. నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ అని మనం సెమినార్లు ఇస్తాం కదా.

ఇంత కష్టపడి చేసిన కుండ నీళ్లని ఎంత చల్లబరుస్తుందో ఒక లెక్క వేద్దాం. 10 లీటర్ల నీళ్లని 38 నుంచి 28 డిగ్రీలకి తేవాలంటే 420 కిలోజౌళ్ల వేడి బయటికి పోవాలి. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్లు తీసుకుపోతుంది. అంటే 175 గ్రాములు, ఒక గ్లాసుకి తక్కువ నీళ్లు, రంధ్రాల్లోంచి చెమర్చి ఆవిరైతే చాలు. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి అసలులో ఇంకాస్త ఎక్కువే పోతుంది. అయితే కుండ ఎంత ప్రయత్నించినా వెట్ బల్బ్ ఉష్ణోగ్రత కంటే కిందకి దించలేదు. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న చోట అది సుమారు 22. సముద్రం పక్కన 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంటే 30కి దగ్గర. మా వైజాగ్ రూమ్మేట్ "మీ కుండలన్నీ బిల్డప్" అని ఎందుకంటాడో ఇప్పుడు తెలిసింది. పాత కుండ సరిగ్గా చల్లబరచకపోతే రంధ్రాల్లో నీటి ఉప్పులు పేరుకున్నాయన్నమాట. బయట కొబ్బరిపీచుతో, సబ్బు లేకుండా రుద్దండి.

వినాయకచవితి వస్తోంది కాబట్టి మన హాస్టల్ కమిటీకి ఒక మాట. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. "మట్టి విగ్రహం" అని బజారులో కొనేటప్పుడు అది పచ్చి మట్టిదా, కాల్చినదా అడగండి. పచ్చిదైతే బకెట్లో గంటల్లో కరుగుతుంది. కాల్చినదైతే పైన చెప్పిన మార్పు జరిగిపోయింది, మీ మనవళ్లు కూడా ఆ బకెట్ చుట్టూ తిరగాల్సిందే.

డబ్బు మాట ఎత్తకుండా ఆనందం గురించి రాస్తే అబద్ధం రాసినట్టుంటుంది. సిటీ స్టూడియోల్లో రెండు గంటలు మట్టి ముట్టుకోవడానికి మనం ఇచ్చే ఫీజుకి తాత దగ్గర చాలా కుండలొస్తాయి. నాకు ఆ పని ఆనందం, ఎందుకంటే నా కుండ పగిలితే నా మెస్ బిల్లు ఆగదు. అందుకే ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, "తాతా, ఇన్నేళ్లుగా చేస్తున్నావ్, ఇంకా సరదాగా ఉంటుందా?" అని. కాసేపు ఆలోచించి, "మూతి దిద్దేటప్పుడు బాగుంటది. అమ్ముడుపోయినప్పుడు ఇంకా బాగుంటది. తొక్కేటప్పుడు నీలాంటోడు దొరికితే మరీ బాగుంటది" అన్నాడు.

చెరువు మట్టి తెచ్చుకోవడం ఏటా కష్టమవుతోంది, కట్టెల ధర పెరిగింది. ఒక ఆవానికి ఎంత కట్టె అసలు అవసరం, ఎంత ఊరికే పొగలో పోతోంది అన్నది ఎవరూ కొలవలేదు. మా బ్యాచ్‌లో ముగ్గురం మినీ ప్రాజెక్టుగా అదే తీసుకున్నాం. కె టైపు థర్మోకపుల్స్ నాలుగు, ఒక డేటా లాగర్. దీపావళి ప్రమిదల కోసం పెట్టే ఆవంలో కొలుస్తాం. ఇంకొకరికి చోటుంది, ఎలక్ట్రానిక్స్ వాళ్లయితే మంచిది, రాత్రంతా మెలకువగా ఉండగలగాలి. తాతకి ఫోన్ చేసి అనుమతి అడిగాను. వైర్లు ఎక్కడెక్కడ పెడతామో అంతా ఓపిగ్గా విన్నాడు.

"పెట్టుకోండి బాబూ. ప్రమిదలకి మాత్రం తగలనివ్వకండి. వచ్చేటప్పుడు రేకులు కట్టే తాడు ఒకటి గట్టిది పట్రండి."